అమ్మోనైట్ గుల్లల ఆకారాలను పోల్చడం ఎలా: కొలత దగ్గర్నుంచి గ్రాఫ్ దాకా

అమ్మోనైట్ అంటే చుట్ట చుట్టుకున్న గుల్లలో బతికి, ఎప్పుడో అంతరించిపోయిన సముద్ర జీవి. రెండు గుల్లల ఫొటోలు పంపి "ఇవి రెండూ ఒకటేనా, వేరు వేరా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఫొటో చూసి చెప్పడం కుదరదు. చేతిలో గుల్ల ఉంటే మాత్రం మీరే ఒక సాయంత్రంలో తేల్చుకోవచ్చు, కొలిచే పద్ధతి తెలిస్తే చాలు.

ఉదాహరణకు ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరం, విట్బీ దగ్గర దొరికే మూడు జాతులను తీసుకుంటాను: డాక్టిలియోసెరాస్ కమ్యూన్, హిల్డోసెరాస్ బైఫ్రాన్స్, ఫిల్లోసెరాస్ హెటెరోఫిల్లం. మూడూ సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటివి, చూపుకి బాగా తేడాగా ఉంటాయి. వీటి అచ్చు నమూనాలు కూడా అమ్ముతారు కాబట్టి ఎవరైనా సాధన చేయొచ్చు.

## 1. ముందు ఈ పద్ధతికి పనికొచ్చే గుల్లేనా చూడండి

గుల్లను అంచు మీద నిలబెట్టి ఎదురుగా చూడండి. ఎడమ, కుడి ఒకేలా ఉండాలి. ఒక పక్క కొండలా లేచి, రెండో పక్క గుంటలా ఉంటే అది నత్త జాతి గుల్ల అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత గుల్ల లోపలి గదులను విడదీసే అడ్డుపొరల అతుకు గీతలు చూడండి. అమ్మోనైట్‌లో అవి మెలికలు తిరిగి, ఆకు అంచులా ఉంటాయి. నాటిలాయిడ్‌లో (నేటి నాటిలస్ బంధువుల్లో) మామూలు వంపులే. గదులన్నిటి గుండా పోయే గొట్టం జాడ కనిపిస్తే ఇంకా సులువు: అమ్మోనైట్‌లో దాదాపు ఎప్పుడూ వెలుపలి అంచుకు ఆనుకుని ఉంటుంది, నాటిలాయిడ్‌లో ఎక్కువగా మధ్యలో ఉంటుంది.

కర్రలా నిటారుగా పెరిగినవి, కొక్కెంలా వంగినవి, స్క్రూలా తిరిగినవి కూడా అమ్మోనైట్లలో ఉన్నాయి. వాటికి ఈ కొలతలు పనికిరావు, పక్కన పెట్టేయండి.

ఇంట్లో సాలగ్రామం ఉందని, దాన్ని కొలవొచ్చా అని అడుగుతుంటారు. గండకీ నది సాలగ్రామాల్లో చాలావాటి లోపల ఉండేది అమ్మోనైటే. కానీ రాయి పైకి తేలిన చక్రం ముక్కతో పూర్తి వ్యాసం తెలియదు. అయినా పూజగదిలో ఉన్నదాని మీద కాలిపర్ పెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆసిడ్ జోలికి అసలు పోవద్దు.

## 2. సామాను

- డిజిటల్ కాలిపర్, 150 మిల్లీమీటర్లది. దవడల మొనలు సన్నగా ఉండాలి, లేకపోతే బొడ్డులోకి (గుల్ల పక్కన మధ్యలో ఉండే గుంటలోకి) దిగవు.
- పదింతల భూతద్దం.
- మెత్తటి బ్రష్, చెక్క టూత్‌పిక్కులు.
- మెత్తటి పెన్సిల్ (రాయి మీద గీస్తే చెరిగిపోవాలి), సన్నటి దారం.
- గుల్ల కదలకుండా కూర్చోబెట్టడానికి చిన్న గుడ్డ సంచిలో ఇసుక.
- ఎక్సెల్ లాంటి షీట్.

ఫొటోల మీద కొలవాలంటే ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్, గ్రాఫులకు, గణాంకాలకు పాస్ట్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. కాలిపర్ తెర మీద రెండు దశాంశాలు కనిపిస్తున్నాయని మురిసిపోవద్దు. రాయి మీద మీ చెయ్యి అంత కచ్చితంగా నిలవదు. ఒక దశాంశం రాసుకుంటే చాలు.

## 3. గుల్లను సిద్ధం చేయడం

బొడ్డులో అంటుకున్న మట్టిని తడి టూత్‌పిక్కుతో మెల్లగా తీయండి. ఈ పని బద్ధకించి వదిలేస్తే బొడ్డు కొలత తప్పుతుంది, మిగతా లెక్కలన్నీ దాని వెనకే తప్పుతాయి.

తర్వాత ఎక్కడెక్కడ విరిగిందో, ఎక్కడ అతికించారో భూతద్దంతో చూడండి. బజారులో కొన్నవాటిలో సగం చుట్టును (గుల్ల ఒకసారి పూర్తిగా తిరిగితే ఒక చుట్టు) రెసిన్‌తోనో, ప్లాస్టర్‌తోనో కట్టినవి ఉంటాయి. రిబ్బులు (గుల్ల మీద ఉబ్బిన చారలు) ఉన్నట్టుండి మరీ వరసగా, మరీ నున్నగా మారితే అనుమానించాల్సిందే.

పాలిష్ చేసిన గుల్లలో మందం కొలవద్దు. ఎంత అరగదీశారో ఎవరికీ తెలియదు. అయితే మధ్యకు కోసి జంటగా అమ్మే మడగాస్కర్ అమ్మోనైట్లను తీసిపారేయకండి. మందం పోయినా, చుట్లన్నీ కేంద్రం దాకా కనబడతాయి కదా. అవి ఎందుకు బంగారమో 7వ మెట్టులో చెబుతాను.

## 4. కొలిచే గీత ఒకటి ఖాయం చేసుకోండి

గుల్లను పక్కకు పడుకోబెట్టండి. మూతి (గుల్ల తెరుచుకునే చోటు) చివరి నుంచి బొడ్డు కేంద్రం మీదుగా అవతలి అంచు దాకా దారం లాగండి. దాని వెంట పెన్సిల్‌తో రెండు చివర్లా చిన్న చుక్కలు పెట్టండి. కొలతలన్నీ ఈ గీత మీదే తీయాలి.

మూతి విరిగిపోతే బాగున్న చోటికి వెనక్కి వచ్చి, అక్కడ గీత వేయండి. విరిగిన చోట "ఇంత ఉండి ఉంటుంది" అని ఊహించి వ్యాసం రాయడం కన్నా చిన్న వ్యాసం దగ్గర నిజం కొలత రాయడం మేలు.

రిబ్బులున్న గుల్లయితే ఇప్పుడే ఒక నిర్ణయం తీసుకోండి: రిబ్బు మీద కొలుస్తారా, రెండు రిబ్బుల మధ్య పల్లంలో కొలుస్తారా? నేను పల్లంలో కొలుస్తాను. ఏదైనా ఫర్వాలేదు, పోలిక మొత్తానికి అదే ఉండాలి. ఆ సంగతి షీట్‌లో రాసి ఉండాలి.

## 5. ఆరు కొలతలు

ఒకటి, వ్యాసం. మూతి దగ్గర వెలుపలి అంచు నుంచి కేంద్రం మీదుగా అవతలి వెలుపలి అంచు దాకా.

రెండు, బొడ్డు వెడల్పు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చుట్టు పక్కభాగం బొడ్డు వైపు వంగి దిగే గట్టు ఒకటుంటుంది, ఆ గోడ కింద పాత చుట్టును తాకే సందు ఒకటుంటుంది. కొలవాల్సింది సందు నుంచి సందుకు, గట్టు నుంచి గట్టుకు కాదు. గోడ నిట్టనిలువుగా ఉంటే రెండూ ఒకటే. ఏటవాలుగా ఉంటే మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

మూడు, చుట్టు ఎత్తు. మూతి వైపు, బొడ్డు సందు నుంచి వెలుపలి అంచు దాకా.

నాలుగు, ఎదుటి ఎత్తు. అదే గీత మీద, అవతలి వైపు సందు నుంచి వెలుపలి అంచు దాకా. దీన్ని నేను వదలను. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

ఐదు, మందం. గుల్లను అంచు మీద నిలబెట్టి, మూతి దగ్గర ఎడమ నుంచి కుడికి ఎక్కువ ఉన్న చోట.

ఆరు, నడిమి ఎత్తు. చుట్టు ఎత్తుతో దీన్ని కలిపేయొద్దు. కొత్త చుట్టు పాత చుట్టు వీపు మీద ఎక్కి, రెండు పక్కలా కిందికి దిగుతుంది. పక్క నుంచి చూస్తే దిగిన భాగం కూడా ఎత్తులో కలుస్తుంది. నడిమి ఎత్తు అంటే సరిగ్గా మధ్య తలంలో, పాత చుట్టు వీపు నుంచి కొత్త చుట్టు వెలుపలి అంచు దాకా ఉన్న దూరం. మూతి మట్టితో పూడిపోయి ఉంటే ఇది దొరకదు. చుట్టు విరిగి పాత చుట్టు వీపు బయటపడిన చోట దొరుకుతుంది.

ప్రతి కొలతా మూడుసార్లు తీయండి, ప్రతిసారీ గుల్లను చేతిలోంచి దింపి మళ్లీ తీసుకుని. మధ్య విలువ రాసుకోండి.

## 6. కూడిక పరీక్ష

వ్యాసం = చుట్టు ఎత్తు + బొడ్డు వెడల్పు + ఎదుటి ఎత్తు.

ఒకే గీత మీది మూడు ముక్కలు కాబట్టి ఇది తప్పకుండా కలవాలి. 60 మిల్లీమీటర్ల గుల్లలో అర మిల్లీమీటరు తేడా వస్తే పోనీలే అనుకోవచ్చు. రెండు మిల్లీమీటర్లు వచ్చిందంటే గీత కేంద్రం మీదుగా పోలేదు, లేదా ఒక చోట సందు, ఒక చోట గట్టు పట్టుకున్నారు. ఎదుటి ఎత్తు కొలిచేది ఈ పరీక్ష కోసమే. ఇది కలవకుండా ముందుకు పోవద్దు.

## 7. నిష్పత్తులు

మిల్లీమీటర్లు పరిమాణం చెబుతాయి. ఆకారం కావాలంటే భాగించాలి.

- బొడ్డు నిష్పత్తి = బొడ్డు వెడల్పు ÷ వ్యాసం
- మందం నిష్పత్తి = మందం ÷ వ్యాసం
- చుట్టు కోత నిష్పత్తి = మందం ÷ చుట్టు ఎత్తు
- విస్తరణ రేటు (ఒక పూర్తి చుట్టులో గుల్ల ఎన్నింతలవుతుందో) = వ్యాసాన్ని (వ్యాసం − నడిమి ఎత్తు)తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయాలి

చివరిదాంట్లో వర్గం ఎందుకంటే, వ్యాసంలోంచి నడిమి ఎత్తు తీసేస్తే అర చుట్టు కిందటి వ్యాసం వస్తుంది. అర చుట్టు పెరుగుదలను పూర్తి చుట్టుకు మార్చడానికే ఆ వర్గం.

విట్బీ జాతుల ఆకారానికి దగ్గరగా, లెక్క చూపడానికి నేను వేసుకున్న అంకెలివి. ఇవి ప్రచురించిన కొలతలు కావు. మూడింటికీ వ్యాసం 60.

డాక్టిలియోసెరాస్: చుట్టు ఎత్తు 15, బొడ్డు 33, ఎదుటి ఎత్తు 12, మందం 15, నడిమి ఎత్తు 12. కూడితే 60, సరే. బొడ్డు నిష్పత్తి 0.55, మందం నిష్పత్తి 0.25, చుట్టు కోత 1.00, విస్తరణ 1.56.

హిల్డోసెరాస్: 20.5, 24, 15.5, మందం 16, నడిమి ఎత్తు 15. బొడ్డు 0.40, మందం 0.27, చుట్టు కోత 0.78, విస్తరణ 1.78.

ఫిల్లోసెరాస్: 33, 4, 23, మందం 22, నడిమి ఎత్తు 17. బొడ్డు 0.07, మందం 0.37, చుట్టు కోత 0.67, విస్తరణ 1.95.

ఇప్పుడు మాటల్లో పెట్టండి. డాక్టిలియోసెరాస్ జంతిక చుట్ట: చుట్టు పక్కన చుట్టు, అన్నీ కనిపిస్తాయి, మెల్లగా పెరుగుతుంది. ఫిల్లోసెరాస్‌లో చివరి చుట్టు పాతవాటిని దాదాపు మింగేసింది. హిల్డోసెరాస్ మధ్యలో ఉంది. మందం నిష్పత్తి చూడండి, మొదటి రెండింటికీ దాదాపు ఒకటే. అది ఒక్కటే కొలిచి ఉంటే రెండూ ఒకే ఆకారం అనుకునేవాళ్లం.

పురాజీవ శాస్త్రవేత్త డేవిడ్ రాప్ 1966, 67ల్లో వాడిన పద్ధతి కూడా ఇదే దారి. ఆయన వాడిన దూరం నిష్పత్తి (కేంద్రం నుంచి చుట్టు లోపలి అంచుకున్న దూరం ÷ వెలుపలి అంచుకున్న దూరం), గుల్ల ఒకే తీరున పెరిగినంత వరకు, మన బొడ్డు నిష్పత్తికి సమానమే. 1ని దానితో భాగిస్తే వచ్చే అంకె కన్నా విస్తరణ రేటు తక్కువగా ఉంటే చుట్లు ఒకదాన్నొకటి తాకుతాయి. డాక్టిలియోసెరాస్‌కు 1 ÷ 0.55 = 1.82. విస్తరణ 1.56, కాబట్టి తాకాలి, నిజంగానే తాకుతాయి. మీ గుల్లలో చుట్లు తాకుతూ ఉండి, లెక్క మాత్రం తాకవని చెబితే నడిమి ఎత్తు మళ్లీ కొలవండి.

కోసిన మడగాస్కర్ జంట సంగతికి వద్దాం. కోత కేంద్రం గదిని తాకి ఉంటే, ఒకే గీత మీద బయటి నుంచి లోపలికి అర చుట్టుకొక వ్యాసం చొప్పున వరసగా కొలుచుకుంటూ పోవచ్చు. ఆ జీవి పిల్లగా ఉన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా విస్తరణ రేటు ఎలా మారిందో ఒక్క చెక్కలోనే దొరుకుతుంది.

## 8. ఒకే వ్యాసం దగ్గర పోల్చండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే, ఇది గుర్తుంచుకోండి.

అమ్మోనైట్ పెరుగుతూ ఆకారం మార్చుకుంటుంది. చాలా జాతుల్లో పిల్ల గుల్ల బొద్దుగా, పెద్ద గుల్ల సన్నగా ఉంటుంది. మొదట్లో నేను 22 మిల్లీమీటర్ల గుల్లను 60 మిల్లీమీటర్లదాని పక్కన పెట్టి, మందం నిష్పత్తి తేడా చూసి, రెండు జాతులని నోట్‌బుక్‌లో ధీమాగా రాసేశాను. తర్వాత పెద్దదానిలో బయటి చుట్టు ఒక చోట ఊడివచ్చింది. లోపలి చుట్టును కొలిస్తే చిన్నదాని అంకెలే! ఆ పేజీ ఇప్పటికీ ఉంచుకున్నాను.

చేయాల్సింది:

1. ప్రతి గుల్లలో వీలైనన్ని వ్యాసాల దగ్గర కొలవండి. విరిగిన చోట్లు, ఊడిన చుట్లు ఇందుకు అక్కరకొస్తాయి.
2. రెండు గుంపులూ కలిసే వ్యాసాల పరిధి చూసుకోండి. ఒక గుంపు 20–45, రెండోది 35–80 ఉంటే, 35–45 మధ్యే పోలిక.
3. అసలు కలిసే పరిధే లేకపోతే "పోల్చలేం" అని రాయండి. అదీ ఒక ఫలితమే.

పెద్దదైన గుల్లా కాదా అన్నది కూడా రాసుకోవాలి. చివరి రెండు మూడు అతుకు గీతలు దగ్గర దగ్గరగా రావడం, చివరి చుట్టు బొడ్డు నుంచి కాస్త విడివడడం, రిబ్బుల తీరు మారడం పెరుగుదల ఆగిందనడానికి గుర్తులు. జీవి నివసించిన చివరి గదిలో ఆకారం మారొచ్చు కాబట్టి, చివరి అతుకు గీత దగ్గర ఒకసారి, మూతి దగ్గర ఒకసారి కొలవండి.

## 9. గ్రాఫ్

అడ్డంగా వ్యాసం, నిలువుగా బొడ్డు నిష్పత్తి. ఒక్కో గుంపుకు ఒక్కో రంగు, ఒకే గుల్లలోని కొలతలను గీతతో కలపండి. మందం నిష్పత్తికి, విస్తరణ రేటుకు ఇలాంటివే ఇంకో రెండు. పదిమందికి చూపించాల్సిన గ్రాఫులు ఈ మూడే.

జంతిక చుట్ట, అంచు పదునైన పళ్లెం, లడ్డూ మూడు మూలలుగా ఉండే వెస్టర్‌మన్ త్రికోణం గురించి కూడా అడుగుతున్నారు. ఏ గుల్ల ఎటు మొగ్గిందో కంటికి చూపించడానికి అది బాగుంటుంది. కానీ మూడు విలువలనూ కలిపితే ఒకటయ్యేలా అందులో సర్దుతారు. దాంతో ఒకటి పెరిగితే మిగతావి తగ్గినట్టు కనిపిస్తాయి. బొమ్మకు వాడుకోండి, తేడా ఉందా లేదా అనే పరీక్షకు అసలు నిష్పత్తులే వాడండి.

## 10. తేడా కనిపించాక, పేరు పెట్టే ముందు

నలిగిందా? షేల్ రాళ్లలో (బంకమట్టి అణిగి పలకలుగా మారిన రాళ్లలో) దొరికేవి చాలావరకు అణిగిన ముద్రలే. ఒంగోలు ప్రాంతంలోని బుడవాడ పేరు మీద పాస్కోయైటిస్ బుడవాడెన్సిస్ అనే అమ్మోనైట్ ఉంది. మన తూర్పు తీరపు షేళ్లలోవి పోల్చాలనుకునేవాళ్లు మందం నిష్పత్తిని ముందే కొట్టేయండి. పక్కకు సాగిందేమో చూడటానికి, మూతి నుంచి వెనక్కి 45 డిగ్రీలకొకసారి వ్యాసం కొలవండి. క్రమంగా తగ్గుతూ పోవాలి. తగ్గి, మళ్లీ పెరిగితే గుల్ల సాగిపోయినట్టే.

ఆడ, మగ తేడానా? లోపలి చుట్లు ఒకేలా ఉండి, పెద్దయ్యాక ఒకటి భారీగా, ఇంకొకటి చిన్నగా ఆగిపోతే ముందు ఇదే అనుమానించాలి. చిన్నదాని మూతికి రెండు పక్కలా నాలుకల్లాంటివి ఉండొచ్చు. 1929లో బ్రింక్‌మన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో ఇటుకమట్టి గోతుల్లోంచి కాస్మోసెరాస్ అనే అమ్మోనైట్ గుల్లలు వేలల్లో కొలిచి, నాలుగు వంశాలుగా విడదీశాడు. తర్వాతివాళ్లు వాటిని రెండు ఆడ, మగ జంటలుగా చదివారు. కొలతల్లో తప్పేం లేదు, అర్థం మారింది. ఏ గుల్ల ఏ పొరలో ఎంత ఎత్తున దొరికిందో ఆయన రాసి పెట్టాడు కాబట్టే అలా మళ్లీ చదవడం కుదిరింది.

ఒకే జాతిలోని వైవిధ్యమా? బొద్దుగా, బొడ్డు విప్పారి ఉన్నవాటికి మొద్దు రిబ్బులు, సన్నగా, బొడ్డు మూసుకున్నవాటికి నున్నటి పక్కలు ఉండటం చాలా అమ్మోనైట్లలో చూస్తాం. రెండు కొసలూ పక్కపక్కన పెడితే వేరు జాతుల్లా ఉంటాయి. సోనీనియా అనే అమ్మోనైట్‌లో ఇలాంటి తేడాల మీద పెట్టిన డజన్లకొద్దీ జాతి పేర్లను 1966లో వెస్టర్‌మన్ ఒక్కదాని కిందికి తెచ్చాడు. మీ గ్రాఫులో రెండు కొసల మధ్య చుక్కలు వరసగా నిండి ఉంటే రెండు పేర్లు పెట్టడానికి తొందరపడొద్దు.

## 11. తరచూ వచ్చే చిక్కులు

- *నడిమి ఎత్తు దొరకడం లేదు.* చుట్టు ఎత్తును ఎదుటి ఎత్తుతో భాగించి వర్గం చేయండి. హిల్డోసెరాస్ అంకెలతో 1.75 వస్తుంది, అసలుది 1.78. షీట్‌లో పక్కనే "అంచనా" అని రాయాలి.
- *ఫొటో కొలత, కాలిపర్ కొలత కలవడం లేదు.* స్కేలు బల్ల మీద, గుల్ల అంచు దానికన్నా పైన ఉండి ఉంటుంది. స్కేలును గుల్ల మధ్య తలం ఎత్తుకు లేపండి. ఫోన్‌ను దూరంగా పెట్టి జూమ్ చేయండి, దగ్గరగా పెడితే మధ్యభాగం ఉబ్బుతుంది.
- *ఒక గుల్లలో గుల్ల పొర ఉంది, ఇంకోదానిలో లోపలి రాతి అచ్చే మిగిలింది.* రెండింటినీ ఒకే రంగు చుక్కతో పెట్టొద్దు. మందపాటి పొర ఉన్న జాతిలో ఈ తేడాయే జాతి తేడాలా కనిపిస్తుంది.
- *ఒక చుక్క అన్నింటికీ దూరంగా పడింది.* తొంభై శాతం అది టైపింగ్ తప్పే. కూడిక పరీక్షను షీట్‌లోనే ఒక కాలమ్‌గా పెట్టుకోండి.

## 12. షీట్‌లో ఉండాల్సిన కాలమ్‌లు

- గుల్ల నంబరు, దొరికిన చోటు, పొర
- అసలుదా, అచ్చు నమూనాయా, ఫొటోనా
- గుల్ల పొర ఉందా, రాతి అచ్చా
- రిబ్బు మీదా, పల్లంలోనా
- కొలిచిన చోట అతుకు గీతలున్నాయా, చివరి గదిలోనా
- ఆరు కొలతలు, కూడిక తేడా
- నాలుగు నిష్పత్తులు
- నలుగుడు, అతుకులు, అంచనాలు
- కొలిచినవారు, తేదీ

అంతా అయ్యాక షీట్ మూసేసి, వారం ఆగి, అయిదు గుల్లలను పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలవండి. రెండుసార్లకీ మీకు మీరే ఎంత తేడా పడ్డారో చూసుకోండి. రెండు గుంపుల మధ్య మీకు దొరికిన తేడా దానికన్నా చిన్నదైతే, ఇంకా ఫొటోలు పంపకండి, బొడ్డులో మట్టి మిగిలిందేమో చూడండి.